కొత్త ఊళ్లో పైసలు, ఫోను పదిలం

దుబాయ్‌లో కొత్తగా దిగిన మనిషి మొదటి వారంలో పోగొట్టుకునేవి ముఖ్యంగా రెండు. ఒకటి డబ్బు, రెండోది ఇంటివాళ్లతో మాట. చూడటానికి ఈ రెండూ వేరువేరుగా ఉంటాయి కానీ, ఈ రోజుల్లో రెండూ చేతిలోని ఫోనులోనే ఉంటున్నాయి. ఫోను పోతే బ్యాంకు ఖాతా అందదు. చేతిలో చిల్లర లేకపోతే ఫోనులో బ్యాలెన్స్ ఉండదు.

నెల తిరిగేసరికి ఎవరికైనా ఊరు అలవాటవుతుంది. ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఏ బకాలాలో పాలప్యాకెట్ చవకో తెలిసిపోతుంది. కానీ ఆ మొదటి వారంలో పోయిన సొమ్ము ఎవరిది? ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అది. ఇక్కడ వంద దిర్హమ్‌లు పోతే అక్కడ అమ్మ మెడలోని గొలుసు తాకట్టు నుంచి బయటికి రావడం ఇంకో నెల వెనక్కి పోతుంది. అందుకే ఈ వారం ఈ విషయం రాస్తున్నాం.

విజిట్ వీసా మీద ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చినవాళ్లు, కూతురి పురుడు చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు, సోనాపూర్, అల్ కూజ్, జబల్ అలీ క్యాంపుల నుంచి సెలవు రోజున దేరా చూడటానికి బయల్దేరిన అన్నదమ్ములు, అందరికీ ఇవి పనికొస్తాయి. మేము ఆఫీసుల్లో టైమ్‌షీట్లు, జీతాల కాగితాలు రాసుకునే గుమాస్తాలం. కొత్తవాళ్ల పాస్‌పోర్టు కాపీలు, వాళ్ల కష్టాలు ముందుగా మా బల్ల మీదికే వస్తాయి కాబట్టి నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాం.

ఊరు దాటకముందే

సగం జాగ్రత్త ఇండియాలోనే పడాలి. మొదటిది బ్యాంకు కార్డు. రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నిబంధన ప్రకారం కొత్త ఏటీఎం కార్డులు దేశం లోపల వాడకానికి మాత్రమే తెరిచి ఉంటాయి. విదేశాల్లో పనిచేయాలంటే మనమే బ్యాంకు యాప్‌లోనో, బ్రాంచికి వెళ్లో ఆ సదుపాయం పెట్టించుకోవాలి. ఈ సంగతి తెలియక ఎయిర్‌పోర్టులో ఏటీఎం ముందు నిలబడి చెమటలు పట్టించుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

రెండోది మన సిమ్. బ్యాంకు ఓటీపీలన్నీ ఇండియా నంబరుకే వస్తాయి. బయల్దేరే ముందే ఆ సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించుకోవాలి. రోమింగ్‌లో వచ్చే మెసేజీలకు సాధారణంగా చార్జీ ఉండదు. ఫోను ఎత్తితే మాత్రం నిమిషానికి బాగా కోత పడుతుంది. కాబట్టి ఆ సిమ్‌ని మెసేజీలకే ఉంచి, డేటా రోమింగ్ ఆపేయండి. ఇంకో మాట. తొంభై రోజుల పాటు అసలు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరు రద్దయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో చెప్పి వేళకు రీఛార్జి చేయించండి. ఆ నంబరు రద్దయి వేరేవాళ్లకు పోతే మన ఓటీపీలు కూడా వాళ్లకే పోతాయి.

మూడోది నోట్లు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఒక ప్రయాణానికి 3000 డాలర్ల విలువ వరకే విదేశీ నోట్లు తెచ్చుకోవాలి. మన రూపాయలైతే 25,000 వరకు. దిర్హమ్‌లను లైసెన్సు ఉన్న చోట, రసీదు తీసుకునే కొనండి. మొత్తం ఒకే పర్సులో పెట్టకుండా కొంత జేబులో, కొంత బ్యాగులో ఉంచండి. అమీరాత్‌లోకి 60,000 దిర్హమ్‌లకు మించి నగదు తెస్తే కస్టమ్స్‌లో చెప్పాలన్నది రూలు. మనలో చాలామందికి ఆ ఇబ్బంది రాదు లెండి.

నాలుగోది అందరూ నవ్వే విషయం, కాగితం. ఇంటి నంబరు, ఇక్కడ కలవాల్సిన మనిషి నంబరు, బ్యాంకు కార్డు ఆపించే నంబరు, పాస్‌పోర్టు నంబరు ఒక కాగితం మీద పెన్నుతో రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. ఫోను చార్జింగ్ అయిపోయిన రోజు ఆ కాగితమే దిక్కు. చార్జింగ్ అంటే గుర్తొచ్చింది. ఇక్కడి ప్లగ్గులు చదరపు కాళ్లవి, మూడు పిన్నులవి. మన గుండ్రటి పిన్ను సరిగా పట్టదు. ఏ బకాలాలోనైనా కొద్ది దిర్హమ్‌లకే అడాప్టర్ దొరుకుతుంది. మొదటి రోజే కొనుక్కోండి.

సున్నా కాదు, అయిదు

ఒక దిర్హమ్‌కి వంద ఫిల్సులు. నోట్లు 5 నుంచి 1000 దాకా ఉన్నాయి. నోటుకు ఒకవైపు అంకెలు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి చిక్కు లేదు. చిక్కంతా నాణాలతోనే. నాణాల మీద విలువ అరబ్బీ అంకెల్లో ఉంటుంది. అరబ్బీలో అయిదు మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది. సున్నా ఒట్టి చుక్క. అంటే సున్నా పక్కన చుక్క కనిపిస్తే అది యాభై. వాళ్ల ఆరు మన ఏడులా కనిపిస్తుంది. మరీ సులువుగా గుర్తుపట్టాలంటే బొమ్మలు చూడండి. కాఫీ కూజా బొమ్మ ఉంటే ఒక దిర్హమ్. నూనె బావుల బొమ్మతో ఏడు పలకలుగా ఉంటే 50 ఫిల్సులు. జింక బొమ్మ ఉంటే 25 ఫిల్సులు.

కొత్తలో అందరం చేసే పని ఒకటుంది. టీ తాగినా, సబ్బు కొన్నా రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకుంటాం. మొదటి నెల ఆ అలవాటు మంచిదే, చేతిని అదుపులో పెడుతుంది. ఆ తర్వాత మాత్రం జీతం దిర్హమ్‌లలో, ఖర్చు దిర్హమ్‌లలో రాసుకోవడం నేర్చుకోవాలి. రూపాయల్లో లెక్కేస్తూ పోతే ఒక్కోసారి కడుపు మాడ్చుకుంటాం, ఒక్కోసారి జీతం చాలా ఎక్కువనుకుని మోసపోతాం.

ఇండియా కార్డుతో షాపులో కడితే మిషను ఒక్కోసారి రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా అని అడుగుతుంది. రూపాయలంటే మనకు తెలిసిన లెక్క కదా అని అది నొక్కుతాం. అక్కడే పోతుంది. రూపాయల్లోకి మార్చే రేటు ఆ మిషను వాళ్లు పెట్టుకున్నది, అది సాధారణంగా మనకు నష్టమే. ఎప్పుడైనా సరే దిర్హమ్‌లనే నొక్కండి. ఏటీఎంలో తీసినా ఇదే మాట. పైగా ఏటీఎంలో తీసిన ప్రతిసారీ మన బ్యాంకు ఒక చార్జీ, చాలాసార్లు ఇక్కడి బ్యాంకు ఇంకో చార్జీ వేస్తాయి. వంద చొప్పున అయిదుసార్లు తీసేకంటే అయిదు వందలు ఒకేసారి తీయడం మేలు.

రూపాయలు మార్చుకోవాలంటే ఎయిర్‌పోర్టులో టాక్సీకి, తిండికి సరిపడా మార్చుకుని, మిగతావి ఊళ్లోకి వచ్చి రెండు మూడు ఎక్స్‌చేంజీలు అడిగాక మార్చుకోండి. దేరా, బర్ దుబాయ్‌లలో ఒకే వీధిలో నాలుగుంటాయి. బోర్డు మీద రేటు చూసి ఊరుకోకుండా, "ఈ నోటుకి నా చేతికి ఎంతొస్తుంది?" అని అడగండి. అన్ని కోతలూ పోయాక మిగిలేదే అసలు రేటు.

నీలి గేటు, వెండి కార్డు

ఎయిర్‌పోర్టు టాక్సీ మీటరు 25 దిర్హమ్‌లతో మొదలవుతుంది. ఒకటి, మూడు టెర్మినళ్లలో దిగినవాళ్లకు మెట్రో అక్కడే ఉంది. 2009 సెప్టెంబరు 9న మొదలైన ఈ మెట్రో మనలాంటివాళ్లకు పెద్ద ఉపకారం. దానికి నోల్ కార్డు కావాలి. సిల్వర్ కార్డు 25 దిర్హమ్‌లు, అందులో 19 మన ప్రయాణానికే ఉంటాయి. దూరాన్ని బట్టి 3, 5, లేదా ఏడున్నర దిర్హమ్‌లు కోస్తుంది. మెట్రోకే కాదు, దుబాయ్ బస్సులకూ అదే కార్డు. బస్సు ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కార్డు ఆనించాలి. ఎక్కేటప్పుడు ఆనించకపోతే 200 దిర్హమ్‌ల జరిమానా. మెట్రోలో ఏదైనా తిన్నా, తాగినా 100 దిర్హమ్‌లు. పిల్లవాడి చేతిలో బిస్కట్ అయినా సంచిలో పెట్టేయండి. మగవాళ్లు మహిళల పెట్టె గీత దాటకుండా చూసుకోండి.

అబుదాబి వెళ్తే అక్కడి సిటీ బస్సులకు హఫిలాత్ అని వేరే కార్డు. క్రీక్ మీద దేరా నుంచి బర్ దుబాయ్‌కి పాత అబ్రా పడవలో దాటితే ఒక్క దిర్హమే. ఊరు చూడటానికి వచ్చిన అమ్మానాన్నలను ఖరీదైన పడవల కంటే ముందు దాంట్లో ఎక్కించండి. గోదావరి రేవు గుర్తొచ్చి సంబరపడతారు.

సిమ్ ఎవరి పేరు మీద?

ఒకప్పుడు ఇక్కడ టెలిఫోన్ కంపెనీ ఎతిసలాత్ ఒక్కటే. 2007లో డు మొబైల్ సర్వీసు వచ్చింది. ఆ రోజుల్లో ఫోను కార్డు గీకి, రోడ్డు పక్క బూత్‌లో వరుసలో నిలబడి, "హలో" అని నాలుగుసార్లు అనేసరికి నిమిషాలు అయిపోయేవి. ఇప్పుడు సిమ్ దొరకడం సులువు. ఎయిర్‌పోర్టులోనే విజిటర్ సిమ్‌లు ఇస్తారు. పాస్‌పోర్టు చూపాలి. 2012 నుంచి ప్రతి నంబరూ ఒక మనిషి పేరు మీద నమోదై ఉండాలన్నది గట్టి నిబంధన. విజిటర్ సిమ్‌కి గడువుంటుంది, గడువు దాటితే నంబరు పోతుంది. కాబట్టి ఇండియా బ్యాంకు ఖాతాకి ఆ నంబరు ఇవ్వకండి. ఉద్యోగం దొరికి ఎమిరేట్స్ ఐడీ వచ్చాక దాని మీద పక్కా సిమ్ తీసుకోండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాకు తెలిసిన జగిత్యాల వైపు కుర్రాడు విజిట్ మీద వచ్చి దేరాలో బెడ్‌స్పేస్‌లో దిగాడు. అదే గదిలో మరో మన భాషవాడు. మంచిగా మాట్లాడతాడు, అన్నం వండిపెడతాడు. రెండో రోజు, "తమ్మీ, నా పాస్‌పోర్టు కంపెనీల ఉన్నది, నీ పాస్‌పోర్టు మీద ఒక సిమ్ తీసియ్యరాదు" అన్నాడు. అన్నం పెట్టిన మనిషి అడిగితే కాదని ఎలా అంటాడు? తీసిచ్చాడు. కుర్రాడికి ఉద్యోగం దొరికింది, గది మారాడు, ఆ మనిషిని మరిచిపోయాడు. కొన్ని నెలలకు చెల్లెలి పెళ్లికి టికెట్ తీసుకున్నాడు. ఎయిర్‌పోర్టులో ఆపారు. అతని పేరు మీదున్న ఆ నంబరు నుంచి ఎవరికో బ్యాంకు పేరుతో ఫోన్లు వెళ్లాయి, డబ్బు పోయినవాళ్లు ఫిర్యాదు చేశారు.

చివరికి తప్పు అతనిది కాదని తేలింది. కానీ తేలేలోపు విమానం పోయింది, టికెట్ డబ్బు పోయింది, చెల్లెలి పెళ్లి అయిపోయింది. అప్పగింతల వేళ వీడియో తీసి పంపిస్తే ఆఫీసు మెట్ల మీద కూర్చుని చూశాడు. ఆ సిమ్ తీసుకున్నవాడి పేరు కూడా అతనికి సరిగా తెలియదు. "అన్నా" అని పిలిచేవాడట, అంతే.

కాబట్టి మన పాస్‌పోర్టు మీద, మన ఐడీ మీద ఇంకొకరికి సిమ్ తీసివ్వకూడదు. మన ఏటీఎం కార్డు ఇంకొకరికి వాడుకోవడానికి ఇవ్వకూడదు. "నా పేరు మీద పంపే పరిమితి అయిపోయింది, నీ ఐడీ మీద ఈ డబ్బు ఇండియాకి పంపు, యాభై దిర్హమ్‌లు ఇస్తా" అంటే అసలు ఒప్పుకోవద్దు. ఆ డబ్బు ఎక్కడిదో మనకు తెలియదు, రసీదు మీద మాత్రం మన పేరే ఉంటుంది. మన జిల్లావాడైనా, మన కులంవాడైనా, మన ఊరి అల్లుడైనా మాట ఒక్కటే. కాదనడానికి మొహమాటమైతే "మా ముదీర్ ఒప్పుకోడు" అనేయండి. ముదీర్లు ఇలాంటప్పుడైనా పనికిరావాలి కదా.

ఇంటికి మాట

ఇండియా టైము మనకంటే గంటన్నర ముందుంటుంది. మనం రాత్రి పదిన్నరకి క్యాంపుకి చేరి ఫోను పట్టుకుంటే అక్కడ పన్నెండు. పొలం పనికి తెల్లారుజామున లేచే నాన్నకి అది నిద్ర వేళ. మనం పొద్దున అయిదింటికి బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్కడ ఆరున్నర, పిల్లలు బడికి తయారవుతూ ఉంటారు. ఆ పది నిమిషాలు మాట్లాడితే పిల్లలకు నాన్న గొంతు రోజూ వినిపిస్తుంది.

కొత్తవాళ్లు తికమకపడే విషయం వాట్సాప్. ఇక్కడ దాంట్లో మెసేజీ పోతుంది, ఫొటో పోతుంది, మాట రికార్డు చేసి పంపితే అదీ పోతుంది. కాల్ మాత్రం మామూలుగా కలవదు. ఇంటర్నెట్ కాల్స్‌కి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. బయల్దేరే ముందే ఇంట్లోవాళ్ల ఫోనులో కూడా ఆ యాప్ పెట్టించి, అమ్మకి ఎలా ఎత్తాలో నేర్పించి రండి. లేకపోతే దిగిన రోజు నుంచి మూడు రోజులు ఇంట్లో ఒకటే కంగారు. ఆఫీసు వీడియో మాటలకు వాడే జూమ్, గూగుల్ మీట్ కూడా పనిచేస్తాయి. ఎవరో వీపీఎన్ పెట్టుకో, అన్నీ ఉచితం అని చెబుతారు. వీపీఎన్ అడ్డుపెట్టుకుని చట్టం ఒప్పుకోని పని చేస్తే 2021 నాటి సైబర్ చట్టం ప్రకారం జరిమానా అయిదు లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. మన జీవితకాలం జీతం అది. ఆ ఉచితం మనకొద్దు.

అదే చట్టంలో ఇంకో రెండు సంగతులున్నాయి. కోపంలో ఎవరినైనా బూతులు తిడుతూ మెసేజీ పంపితే అది ఇక్కడ కేసు. ఊళ్లో అయితే తిట్టి, సాయంత్రానికి టీ తాగి రాజీపడతాం, ఇక్కడ ఆ మెసేజే సాక్ష్యం. అలాగే అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదు. ఎవరైనా పోయినప్పుడు, ఎవరికైనా జబ్బు చేసినప్పుడు గ్రూపుల్లో "తలా వంద వేయండి" అని రాయడం మన మంచితనమే. కానీ దారి అది కాదు. కాన్సులేట్‌ని, అనుమతి ఉన్న సంస్థలను కలిస్తే పని పద్ధతిగా జరుగుతుంది.

రేటా, చార్జీయా?

జీతం పడిన రోజు ఎక్స్‌చేంజీల ముందు మనవాళ్ల వాదం ఎప్పుడూ ఒకటే. ఒకడు "అక్కడ చార్జీ లేదు" అంటాడు. ఇంకొకడు "ఇక్కడ రేటెక్కువ" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు. ఎవరిది లాభమో పంపే మొత్తాన్ని బట్టి ఉంటుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. మొదటి చోట దిర్హమ్‌కి 23 రూపాయలు, చార్జీ 20 దిర్హమ్‌లు, దాని మీద అయిదు శాతం వ్యాట్ ఒక దిర్హమ్, మొత్తం 21. రెండో చోట చార్జీ లేదు, రేటు మాత్రం 22 రూపాయల 50 పైసలు. మన చేతిలో 500 దిర్హమ్‌లే ఉంటే మొదటి చోట 479 దిర్హమ్‌లకు 11,017 రూపాయలు వస్తాయి. రెండో చోట 11,250. చార్జీ లేనిచోటే లాభం. వెయ్యి దిర్హమ్‌లైతే 22,517, 22,500. ఇంచుమించు సమానం. రెండు వేలైతే మొదటి చోట 45,517, రెండో చోట 45,000. ఇప్పుడు రేటెక్కువ ఉన్నచోట అయిదు వందల పైచిలుకు లాభం. అంటే చిన్న మొత్తానికి చార్జీ చూడాలి, పెద్ద మొత్తానికి రేటు చూడాలి. నెలకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పంపేకంటే ఒకేసారి పంపితే చార్జీ మూడుసార్లు మిగులుతుంది.

రేటు పెరుగుతుందని ఆగేవాళ్లు కూడా ఉన్నారు. దిర్హమ్ విలువ 1997 నుంచి డాలరుతో కట్టేసి ఉంది, డాలరుకి 3.6725. కాబట్టి రూపాయి డాలరు ముందు తగ్గితేనే మనకు రేటు పెరుగుతుంది. అది ఎప్పుడన్నది మన చేతిలో లేదు. ఇంటి దగ్గర అప్పుంటే ఇలా చూడండి. 23 రూపాయల లెక్కన రెండు వేల దిర్హమ్‌లు 46,000 రూపాయలు. వారం ఆగితే పది పైసలు పెరిగిందనుకుందాం, లాభం 200. అదే 46,000 మీద రెండు రూపాయల వడ్డీ నెలకు 920, వారానికి సుమారు 215. ఆగి సంపాదించినదాని కంటే వడ్డీకి పోయిందే ఎక్కువ. అప్పు ఉన్నవాడికి మంచి రేటు ఉన్న రోజు అంటే జీతం పడిన రోజే.

పంపేటప్పుడు పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా రాయాలి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో పదకొండు అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో అయిదోది ఎప్పుడూ సున్నాయే. దాన్ని ఇంగ్లిషు 'ఓ' అని రాస్తే డబ్బు మధ్యలో ఆగిపోతుంది. రసీదు ఫొటో తీసి ఇంటికి పంపండి. "పైసలు ముట్టినయా?" అని అడిగి, ముట్టినయ్ అన్న మాట వినేదాకా రసీదు పారేయకండి. 2020లో ఇక్కడి ఒక పెద్ద ఎక్స్‌చేంజీ ఉన్నట్టుండి లావాదేవీలు ఆపేసినప్పుడు రసీదు విలువేమిటో అందరికీ తెలిసొచ్చింది.

హుండీ సంగతి కూడా చెప్పుకోవాలి. నాలుగు పైసలు ఎక్కువిస్తారు, ఇంటికే తెచ్చిస్తారు, నిజమే. కానీ ఇండియాలో అలా డబ్బు తీసుకోవడం ఫెమా చట్టానికి విరుద్ధం. పైగా రేపు ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు లోను అడిగితే మీ సంపాదనకి రుజువేదీ అంటారు. పదేళ్లు చెమటోడ్చినా కాగితం మీద రూపాయి కనిపించదు. ఉద్యోగం స్థిరపడగానే ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. ఆ ఖాతా వడ్డీ మీద ఇండియాలో పన్ను లేదు, కావాలంటే ఆ డబ్బు మళ్లీ ఇక్కడికి తెచ్చుకోవచ్చు. పాత సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. 2023 నుంచి అమీరాత్ ఫోను నంబరుతోనే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే అనుమతి కూడా వచ్చింది. మీ బ్యాంకు ఇస్తోందో లేదో అడగండి.

విజిట్ మీద ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఉద్యోగం ఇప్పిస్తానని, వీసా మారుస్తానని ఎవరైనా చేతికి డబ్బు అడిగితే ఆగండి. కార్మికుడి నుంచి నియామకం ఖర్చు వసూలు చేయకూడదని ఇక్కడి లేబర్ చట్టంలోనే ఉంది. విజిట్ వీసా మీద పనిచేయడం కూడా నేరం. గది అడ్వాన్స్‌కి పాస్‌పోర్టు తాకట్టు పెట్టకండి. డబ్బిచ్చి రసీదు తీసుకోండి.

అటు అమ్మకి, ఇటు మనకి దొంగ ఫోన్లు

లాటరీ తగిలిందని, కార్డు ఆగిపోయిందని, ఎమిరేట్స్ ఐడీ సరిచేయాలని వచ్చే ఫోన్ల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఓటీపీ అడిగినవాడు ఎవడైనా దొంగే. బ్యాంకువాడు అడగడు, పోలీసు అడగడు. అంతవరకు మనవాళ్లకు ఇప్పుడు తెలుసు.

తెలియాల్సింది రెండో రకం. ఆ ఫోను మనకు రాదు, ఊళ్లో అమ్మకి వస్తుంది. "మీ అబ్బాయి దుబాయ్‌లో పోలీసుల దగ్గర ఉన్నాడు. గంటలో డబ్బు పంపకపోతే జైలు." వెనకాల ఎవరో ఏడుస్తున్న చప్పుడు. ఆ సమయానికి మనం సైట్‌లో ఫోను లాకర్‌లో పెట్టి పనిలో ఉంటాం. అమ్మ చేసినా ఎత్తం. ఎత్తకపోయేసరికి అది నిజమే అనుకుంటుంది. ఆ గంటలో ఆ తల్లి ఏం చేస్తుందో ఊహించండి. పక్కింటికి పరుగెత్తి అప్పు తెస్తుంది, ఉన్న బంగారం తీస్తుంది.

దీనికి మందు ఖర్చు లేనిది. ఇంట్లో అందరికీ తెలిసిన, బయటివాళ్లకు తెలియని ఒక గుర్తు మాట పెట్టుకోండి. చిన్నప్పటి ఆవు పేరో, పాత ఇంటి చెట్టు పేరో ఏదైనా సరే. ఎవరు డబ్బడిగినా, చివరికి మన గొంతుతోనే అడిగినా, ఆ మాట చెప్పకపోతే రూపాయి పంపొద్దని చెప్పండి. ఈ రోజుల్లో గొంతులు కూడా నకలు తీస్తున్నారు. రెండోది, మన నంబరు ఒక్కటే కాకుండా రూమ్మేట్ నంబరు, ఆఫీసు నంబరు ఇంట్లో గోడ మీద రాయించండి. మూడోది, పని వేళలు ఇంట్లో తెలియాలి. ఫలానా టైములో ఫోను ఎత్తడు అని తెలిసిన అమ్మ సగం భయపడదు.

అప్పటికే డబ్బు పోతే ఇండియాలో 1930కి వెంటనే ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రేపు చూద్దాం అనుకుంటే దొరకదు.

ఆపద వేళకి

కాగితం మీద ఈ నంబర్లు కూడా రాసుకోండి. పోలీసు 999, అంబులెన్సు 998, అగ్నిమాపక దళం 997. అత్యవసరం కాని పోలీసు విషయాలకు దుబాయ్‌లో 901. ఇండియన్ కాన్సులేట్ తరఫున ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 80046342, ఫోను చార్జీ లేదు. మొదటి మూడు అంకెల తర్వాత మిగిలిన అయిదూ ఫోను బటన్ల మీద ఇంగ్లిషులో 'ఇండియా' అన్న అక్షరాలే. అలా గుర్తుపెట్టుకుంటే మరచిపోరు.

ఎక్కడున్నావంటే చెప్పలేని కొత్తవాళ్లకు ఒక చిట్కా. దుబాయ్‌లో భవనం గుమ్మం దగ్గర మకానీ నంబరు అని పది అంకెల పలక ఉంటుంది. ఆ పది అంకెలు చదివితే చాలు, పోలీసుకి మీరున్న చోటు తెలిసిపోతుంది. అరబ్బీ రాకపోయినా, వీధి పేరు తెలియకపోయినా పరవాలేదు.

ఫోను కొన్న రోజే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి వచ్చిన నంబరు రాసి పెట్టుకోండి. ఫోను పోయినప్పుడు ఫిర్యాదులో ఆ నంబరే అడుగుతారు. ఫోను పోతే ముందు బ్యాంకుకి చెప్పి కార్డు, యాప్ ఆపించండి. తర్వాత సిమ్ ఆపించి, అదే నంబరు మళ్లీ తీసుకోండి. పాస్‌పోర్టు పోతే పోలీసు రిపోర్టు, ఆ తర్వాత కాన్సులేట్. ఇంట్లో ఒక జిరాక్స్ కాపీ ఉంటే పని సగం తేలికవుతుంది.

ఇవన్నీ చదివి దుబాయ్ అంటే దొంగల ఊరనుకోకండి. టాక్సీలో మరచిపోయిన పర్సు తిరిగి ఇంటికి వచ్చిన సందర్భాలు మాకు ఎన్నో తెలుసు. అర్ధరాత్రి ఒంటరిగా నడిచిపోయే ఆడవాళ్లను ఇక్కడ రోజూ చూస్తాం. ఊరు మంచిదే. తొందర, మొహమాటం, తెలియదని ఒప్పుకోలేని బిడియం, ఈ మూడే మనల్ని ముంచేది. మీ గదికి ఈ వారం ఎవరైనా కొత్తగా వస్తే అన్నం పెట్టండి. ఆ తర్వాత ఈ పేజీ ఆయన చేతికిచ్చి, ఇంటికి ఫోను కలిపి పెట్టండి.